మేము చదువని కళాశాల

పిఠాపురమునకు వచ్చువారు సాధారణముగా మూడు పనులమీద వత్తురు. పాదగయలో పితృదేవతలకు పిండప్రదానము చేయుటకు కొందఱు, కుక్కుటేశ్వరస్వామిని, పురుహూతికాదేవిని సేవించుటకు కొందఱు, శ్రీపాద శ్రీవల్లభులవారి జన్మస్థలమని మ్రొక్కుటకు మఱికొందఱు. ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు మేమును ఈ మూడే చూపి, కుంతీమాధవస్వామి కోవెలలో తీర్థము ఇప్పించి, ఉప్పాడ చీరల దుకాణము దగ్గఱ వారిని విడిచి ఇంటికి వచ్చి వంట చూచుకొందుము. కాని మా మనస్సునకు పిఠాపురపు యాత్ర అంతటితో పూర్తి కాదు. మఱియొక క్షేత్రమున్నది. అది ఊరిలో లేదు. ఇంచుమించు ఇరువది కిలోమీటర్ల దూరమున కాకినాడలో నున్నది. పిఠాపురము రాజావారి కళాశాల ఆటస్థలము. పేరు మా యూరిది గనుక అది మా యూరి సొత్తే యని మా వాదము. కాకినాడవారు ఒప్పుకొనరు. ఒప్పుకొనకున్నను మాకు నష్టము లేదు.

సోదరీమణులతో మొదటనే ఒక మాట చెప్పుకొనవలెను. ఆ కళాశాలలో మేమొక్క దినమైనను చదువుకొన్నవారము కాము. మా చదువు నాన్నగారి వద్ద, ఇంటి వసారాలో, భారత భాగవతములతో మొదలై భారత భాగవతములతోనే ఆగినది. ఆ మైదానమున మేము బంతిని ముట్టినదియు లేదు, బరిలో కాలు పెట్టినదియు లేదు. అయినను ఆ కళాశాలవారు ఓడిన దినమున మా యింట పులుసులో ఉప్పు తప్పును. గెలిచిన దినమున అడుగకుండనే అప్పడములు వేగును. ఇది యేమి పిచ్చియని పెండ్లియైన క్రొత్తలో మావారు అడిగిరి. ఇప్పుడు అడుగుట మానిరి.

ఈ పిచ్చి మాకు పిత్రార్జితము. మా నాన్నగారు 1968 మొదలు 1971 వఱకు ఆ కళాశాలలో చదివిరి. చదివిరని గౌరవార్థము చెప్పుచున్నాము. ఆ మూడేండ్లును ఆయన ఎక్కువగా కూర్చున్నది తరగతిలో కాదు, మైదానపు గట్టుమీద. ఆడుటకు తగిన శరీరము కాదు. గాలి గట్టిగా వీచినచో గొడుగుతో గూడ లేచిపోవునంత పలుచనివారు. కావున ఆటగాండ్రు బరిలోనికి దిగునపుడు విప్పి యిచ్చిన చొక్కాలను, చేతి గడియారములను కాపాడు పని ఆయనకు దక్కినది. ఒక్కొక్కప్పుడు ముంజేతి నుండి మోచేతి వఱకు ఏడు గడియారములు పెట్టుకొని నిలిచెడివారట. ఆ యేడింటిలో ఏ రెండును ఒకే కాలము చూపెడివి కావట. ఇంకెంత సేపున్నదని ఎవరైన అడిగినచో, మనవారు గెలుచుచున్నారా ఓడుచున్నారా యని చూచి, దానికి తగిన గడియారము చూచి చెప్పెడివారట. ఈ సంగతి తామే మాకు చెప్పి, తామే పడిపడి నవ్వెడివారు.

ఆటల విషయమున నాన్నగారికి క్షేత్రమాహాత్మ్యము గూడ అక్కఱకు వచ్చెడిది. మా యూరి కథ అందఱును ఎఱిగినదే. గయాసురుని దేహముపై దేవతలు యజ్ఞము చేసిరి. ఏడు దినములు కదలకుండ నుండవలెనని నియమము. శిరస్సు గయలో, నాభి జాజిపురమున, పాదములు మా పిఠాపురమున. పరుండిన యసురుడు కోడికూతలనుబట్టి దినములు లెక్కించుకొనుచుండగా, ఏడవనాటి రాత్రి తెల్లవారకమునుపే శివుడు కోడియై కూసెను. ఏడు దినములును నిండినవని గయాసురుడు కదలెను, నియమము తప్పెను. ఈ పుణ్యకథను నాన్నగారు భక్తితో చెప్పి, చివరకు గొంతు తగ్గించి, “ఏమ్మా, ఆట అవకముందే ఈల వేసేయడం మన ఊళ్ళోనే మొదలైంది” అనెడివారు. అందుచేత మైదానమున ఎప్పుడైన మధ్యవర్తి తీర్పు మనవారికి వ్యతిరేకమైనచో, నాన్నగారును వారి మిత్రులును గట్టుమీది నుండి “కుక్కుటేశ్వరా!” యని కేక పెట్టుట ఆచారమైనది. ఆ ఈల వేసిన మహాశయులు అది భక్తి యనుకొనెడివారు.

ఆరేడేండ్ల ప్రాయము నుండియు మమ్ము నాన్నగారు తమ వెంట ఆ మైదానమునకు తీసికొనిపోయెడివారు. ఉదయము వసారాలో ఆదిపర్వము, సాయంకాలము గట్టుమీద చెడుగుడు. రెంటికిని ఆయన చెప్పు పద్ధతి యొక్కటియే. ఇంటిలో పద్మవ్యూహము చెప్పునపుడు పెరటి మట్టిలో గీతలు గీసి, ఏడుగురి నడుమ ఒంటరివాడు ఎటు తిరిగి ఎటు పోవలెనో కాలితో అడుగులు వేసి చూపెడివారు. మైదానమున ఒక కుఱ్ఱవాడు అవతలి జట్టులోనికి దూరి చిక్కుకొన్నప్పుడు, “అదిగో, లోపలికెళ్ళడం తెలుసుగానీ బయటికి రావడం నేర్చుకోలేదు” అనెడివారు. మాకు అభిమన్యుడనగా నేటికిని ఆకుపచ్చ బనియను, మోకాళ్ళకు మట్టి.

ఆయనకు కొన్ని నియమములుండెడివి. మనవాడు కూతకు పోయినప్పుడు కూర్చుండరాదు. వేరుసెనగకాయల పొట్లము సగము ఆట ముగియువఱకు విప్పరాదు. గెలుపు గుఱించి ముందుగా మాటలాడరాదు. క్రికెట్టు ప్రసంగము వచ్చెనా, కొఠారి కనకయ్య నాయుడుగారి పేరు తలచి గాని ముందునకు పోరాదు. 1895లో నాగపురమున పుట్టినను ఆ కుటుంబపు మూలములు మన మచిలీపట్టణమువి గనుక ఆయన మనవాడే. 1926లో బొంబాయిలో ఇంగ్లాండు జట్టుపై నూట ఏబదిమూడు పరుగులు తీసి, పదునొకండు సిక్సరులు కొట్టినది మనవాడే. 1932లో భారత జట్టునకు తొలి టెస్టు నాయకుడు మనవాడే. 1953లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలకు దిగినపుడు, ఏబది యెనిమిదేండ్ల వయస్సున, దానిని నడపినదియు మనవాడే. ఇంతవఱకు పుస్తకములలో నున్నదే. ఆ బొంబాయి సిక్సరులలో ఒకటి తమ మేనమామగారి తలమీదుగా పోయినదని నాన్నగారి మిత్రులొకరు చెప్పెడివారు. ఆ మేనమామగారు జన్మలో రాజమహేంద్రవరము దాటి యెఱుగరని తరువాత తెలిసినది. అభిమానులలో ఇట్టివి పట్టించుకొనరాదు.

మాకు పదమూడవ యేడు వచ్చినది. అది 2000వ సంవత్సరము. ఒకనాడు మేనత్త వసారాలో కూర్చుండి వక్కలు కత్తిరించుచు, “ఈడొచ్చే పిల్లని మైదానాలమ్మట తిప్పుతావేంట్రా? రేపు సంబంధాలవాళ్ళు అడిగితే ఏం చెబుతావు, చెడుగుడు బాగా చూస్తుందని చెబుతావా?” అన్నది. నాన్నగారు బదులు చెప్పలేదు. తరువాతి వారము ఒక్కరే గొడుగు తీసికొని బయలుదేఱిరి. మేము గుమ్మములో నిలిచి యుంటిమి. ఆయన మా వంక చూడలేదు.

వింత యేమనగా, ఆ సంవత్సరము సెప్టెంబరులోనే శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి సిడ్నీ నగరమున బరువులెత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్సులో పతకము నందుకొన్న తొలి భారతస్త్రీ ఆమెయే. నాన్నగారు పత్రికలోని వార్తను ఇంటిల్లిపాదికి పైకి చదివి వినిపించిరి. మేనత్త కన్నులు తుడుచుకొని, బెల్లము పంచిపెట్టినది. మేమును తింటిమి. ఆ సాయంకాలము గూడ గొడుగు ఒక్కరితోనే వెళ్ళినది.

అంతటితో ఆటలు మాకు కానరాకపోయెను గాని తెలియకపోలేదు. నాన్నగారు ఇంటికి వచ్చి ఆట మాట ఎత్తెడివారు కారు, మేమడిగెడివారము కాము. కాని ఆయన చెప్పులు చెప్పెడివి. మనవారు గెలిచినచో గుమ్మము ప్రక్క రెండును జంటగా, పెండ్లిపీటల వలె నుండును. ఓడినచో ఒకటి తులసికోట వైపు, ఒకటి వీథి వైపు. ఈ రహస్యము మొదట కనిపెట్టినది మా అమ్మ. అమ్మ వలన మాకు, మా వలన వదినకు తెలిసినది. ఆయనకు మాత్రము తెలియదు. ఇట్లు ఆఱు సంవత్సరములు, పెండ్లి యగువఱకు, కళాశాలవారి జయాపజయములను మేము గుమ్మమున చదువుకొంటిమి.

మెట్టినిల్లు పుట్టినింటికి రెండు వీథుల దూరమే. మావారు బడిపంతులు. మార్కులు వేయుట తెలియునుగాని పాయింట్ల లెక్క తెలియదు. రెండును అంకెలే గదా యని వారి యభిప్రాయము.

ఇక అసలు కథ. మా అన్నగారి కూతురు రాజావారి కళాశాలలో చేరినది. ఉదయము బస్సులో పోయి సాయంకాలము వచ్చును. కొన్నాళ్ళకు సాయంకాలము ఆలస్యముగా వచ్చుట మొదలైనది. మోచేతులకు మట్టి, మోకాళ్ళకు గీతలు. వదిన గాబరాపడి మమ్ము పిలిపించినది. మేము చూచిన వెంటనే తెలిసికొంటిమి. పిల్ల కబడ్డీ జట్టులో చేరినది. అందులోను కూతకు పోవునది. వదినకు మొదట పొట్టి లాగుల గుఱించి చింత పట్టినది. జట్టు పిల్లలందఱును వేసికొనునవే యని తెలిసి రెండు దినములలో ఆ చింత వదలినది. రాత్రులు దీపము దగ్గఱ కూర్చుండి మోకాలి పట్టీలను తానే కుట్టి బాగుచేయసాగినది.

నాన్నగారు మాత్రము ఏమియు అనలేదు. ఆయనకిప్పుడు డెబ్బది దాటినవి. నీటికాసుల వలన చూపు చాల తగ్గినది. ఎదుట మనిషి యున్నట్లు తెలియును, ఎవరో తెలియదు. మైదానమునకు పోవుట మాని అయిదేండ్లైనది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయపు కళాశాలల మధ్య పోటీలు రాజావారి కళాశాల మైదానముననే జరుగునని, తానాడుచున్నాననియు మనుమరాలు వచ్చి చెప్పినప్పుడు, “మంచిదమ్మా, జాగ్రత్తగా ఆడు” అని మాత్రమనిరి. పిల్ల ముఖము చిన్నబోయినది.

మఱునాడు మేము వెళ్ళి, “నాన్నగారూ, శనివారం వెళదాం” అంటిమి.

“నాకేం కనపడుతుందే? అక్కడ కూర్చుని ఎవరు ఎటు పోతున్నారో తెలీక వెర్రిచూపులు చూడనా?”

“సంజయుడున్నాడుగా.”

“బాగుంది. నన్ను ధృతరాష్ట్రుణ్ణి చేశావన్నమాట. నూరుగురు కొడుకులు లేరు, బతికిపోయాను.”

“పోనీ ధృతరాష్ట్రుడు వద్దు. ద్రోణుడు రాకుమారుల అస్త్రవిద్యలు ప్రదర్శింపజేసిన రోజు రంగస్థలంలో గాంధారి కూడా ఉందిగదా. కళ్ళకు గంతలు. ఆవిడకు ఎవరు చెప్పారు?”

నాన్నగారు మాటలాడలేదు. వ్యాసభారతమున ఆదిపర్వములో ఆ ఘట్టమును మాకు చెప్పినది ఆయనయే. రాకుమారుల విన్యాసములనెల్ల ధృతరాష్ట్రునకు విదురుడును, గాంధారికి కుంతియు చెప్పుచుండిరని అక్కడ నున్నది. స్త్రీలకు ప్రత్యేకముగా మంచెలు కట్టించి, పల్లకులలో తెచ్చి కూర్చుండబెట్టిరనియు నున్నది. ఆటస్థలమున కూర్చుండి కానరానివారికి ఆట చెప్పిన మొదటి స్త్రీ కుంతి. ఆమె పూజించినదని చెప్పు మాధవుడు మా యూరనే యున్నాడు. కాశిలో బిందుమాధవుడు, ప్రయాగలో వేణీమాధవుడు, రామేశ్వరమున సేతుమాధవుడు, అనంతశయనమున సుందరమాధవుడు, పిఠాపురమున కుంతీమాధవుడు. ఇంతకంటె మాకు వేఱు ఆధారమేమి కావలెను?

కొంతసేపటికి నాన్నగారు, “వేరుసెనక్కాయలు కొనాలి” అనిరి.

శనివారము ఉదయము నలుగురము బయలుదేఱితిమి. నాన్నగారు, మేము, మావారు, పులిహోర డబ్బా. నాలుగవది వస్తువని కొందఱనవచ్చును. కాని బస్సులో దానికే కిటికీ ప్రక్క చోటు దొరికినది. మావారు దిద్దవలసిన పరీక్షకాగితముల కట్ట వెంట తెచ్చిరి. ఆట జరుగుచుండగా కూడికలు గుణకారములు దిద్దవచ్చునని వారి యాలోచన. వదినకు ఇంట పని తెమలలేదు. అసలు సంగతి, కూతురు క్రింద పడుట చూడలేననియే.

బస్సు చిత్రాడ దాటినది. రైలు ఎక్కినచో సామర్లకోటలో దిగి మఱల మఱియొక బండి పట్టుకొనవలెను గనుక మా యూరివారు కాకినాడకు బస్సునే నమ్ముదురు. నాన్నగారు కన్నులు మూసికొని కూర్చుండి, మలుపులను లెక్కపెట్టుకొనుచు, “ఇది సర్పవరం కదూ? భావనారాయణస్వామి వారికి దండం పెట్టండి” అనిరి. సరిగా సర్పవరమే. మావారు ఆశ్చర్యపడి కాగితముల నుండి తల యెత్తిరి. ఏబది యేండ్లు ఒకే దారిని పోయినవానికి కన్నులతో పనియేమి?

కళాశాల గుఱించి రెండు మాటలు చెప్పవలెను. పిఠాపురపు సంస్థానాధీశుల పేర 1884 నుండి నడచుచున్నది. 1885లో జన్మించి 1964లో కీర్తిశేషులైన సూర్యారావు బహద్దరువారి కాలమున దానికి మహాదశ పట్టినది. 1936లో తొలి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వీరి పేరిటిదే. కాకినాడలో అనాథ శరణాలయము కట్టించిన వారును వీరే. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారిని ప్రధానాచార్యులుగా నిలిపినదియు వీరే. నాయుడుగారు, తరువాత మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరైనవారు, ఆ దినములలోనే ఆడుపిల్లలకు, అంటరానివారని దూరముగా నుంచబడిన పిల్లలకు ఆ కళాశాల తలుపులు తెఱచిరి. అంటే మా మేనత్త వసారాలో ఆ మాట యనుటకు ఎనుబదేండ్లకు పైగా ముందే. ఈ లెక్క మేము నాన్నగారితో ఎన్నడును అనలేదు. లెక్కలలో ఆయన మాకంటె గట్టివారు.

మైదానమునకు చేరి, పూర్వపు గట్టుమీదనే కూర్చుంటిమి. పిల్లలు ఫోనులు పైకెత్తి పట్టుకొని యుండిరి. మా చిన్ననాట ఆట చూచి తరువాత చెప్పుకొనెడివారు. ఇప్పుడు ముందు ఫోనుకు చూపి తరువాత తాము చూతురు. బరి స్త్రీలకు పండ్రెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. జట్టునకు ఏడుగురు. కూతకు ముప్పది సెకండ్ల గడువు. ఈ గడువు సంగతి నాన్నగారికి ఎన్నడును నచ్చలేదు. “ఊపిరి ఉన్నంతసేపు కూత. దానికి గడియారం ఏమిటి?” అందురు. ఏడు గడియారములు కట్టుకొన్నవారు ఈ మాట యనవచ్చునా యని మా సందేహము.

రాజమహేంద్రవరము వైపు నుండి వచ్చిన కళాశాలవారు ఎదురు జట్టు. వారి పిల్లలు ఎత్తరులు, దిట్టమైనవారు. వారిలో ఒకతె మా పిల్లకు ఒకటిన్నర రెట్లుండెను. మా ప్రక్క కూర్చున్న ఒక పెద్దమ్మగారు, “ఇదేం న్యాయమమ్మా, ఆ పిల్లెక్కడ, ఈ పిల్లెక్కడ! అడిగేవాళ్ళే లేరా?” అని గోల పెట్టిరి. మాకు మథురాపుర స్త్రీలు కన్నులకు కట్టిరి. భాగవతమున చాణూర ముష్టికులను పర్వతములవంటి మల్లుల ఎదుట బాలురైన రామకృష్ణులను నిలిపినప్పుడు, ఈ జోడు అన్యాయమని, చూచుచు ఊరకున్న సభవారికి దోషము తగులునని అనుకొన్నవారు ఆ స్త్రీలే గదా. పురుషులెవ్వరును అన్నట్లు లేదు. ఈ మాట నాన్నగారితో చెప్పగా, “అక్కడ ఫలితం ఏమైందో కూడా గుర్తుంచుకో” అనిరి.

ఈల వేసిరి. మేము చెప్పుట మొదలుపెట్టితిమి. మొదట సిగ్గుచేత నెమ్మదిగా నాన్నగారి చెవిలో. “ఎదుటి జట్టులో పొడవు జడ పిల్ల వచ్చింది. ఎడమ మూలకి పోతోంది. మనవాళ్ళు గొలుసు కట్టారు. వెనక్కి... పట్టారు!” కొంతసేపటికి గొంతు మాకు తెలియకుండనే పెఱిగినది. భాషయు మాఱినది. చిన్ననాట నేర్చిన మాటలే నాలుకకు ముందు వచ్చునో యేమో, “అదిగో మన పిల్ల అరిసేన నడిమికి జొచ్చినది! కుడిపార్శ్వమున నిరువురు! ఒకతెను తాకినది! మఱలినది!” అని పలుకసాగితిమి. వెనుక నున్న కళాశాల పిల్లలు మొదట కిలకిల నవ్విరి. సగము ఆట అగుసరికి వారే చేరువకు జరిగి, “అత్తా, బోనస్ లైన్‌ని సంస్కృతంలో ఏమంటారు?” అని అడుగసాగిరి. లాభరేఖ యనవచ్చునని చెప్పితిమి. ఇప్పుడు ఆ జట్టువారు ఆ మాటనే వాడుచున్నారని మా మేనకోడలు చెప్పుచున్నది.

సగమాటకు పదునాలుగు వారికి, పదునొకండు మనకు. నాన్నగారు పొట్లము విప్పిరి. మావారి కాగితములపై మట్టి పడినది. కేకలు గట్టిగా నున్నప్పుడు దిద్దిన కాగితములన్నిటికిని మార్కులెక్కువ పడినవని తరువాత ఒప్పుకొనిరి.

రెండవ సగమున సంగతి వేఱైనది. నాన్నగారు మమ్ము ఆగుమన్నట్లు చేయి చాచి, “ఉండు, మన పిల్ల కూతకి వెడితే నువ్వు చెప్పకు. నన్ను విననీ” అనిరి. లేచి నిలిచి, గొడుగు కఱ్ఱపై రెండు చేతులు మోపి, తల కొంచెము ప్రక్కకు వంచి వినుచుండిరి. అంత గోలలో ఒక్క పిల్ల గొంతు, కబడ్డీ కబడ్డీ యని, దూరమగుచు, చేరువగుచు. “కుడివైపుంది... ఆగింది... ఇప్పుడు తాకింది, కదూ?” సరిగా తాకినది. “ఊపిరి కింద నుంచి తీస్తోంది. మంచిదే. చివర్లో గుటక వేస్తోంది, అదే చెడ్డ అలవాటు.”

ఆట చివరి నిమిషము. ఇరువదియెనిమిది వారికి, ఇరువదియేడు మనకు. మా పిల్ల కూతకు పోయినది. మేము మాటలాడలేదు గాని చూచుచున్నాము. ఎడమ ప్రక్క ఒకతెను చేతితో, వంగి మఱియొకతెను కాలితో తాకినది. తిరిగి వచ్చుచుండగా ఆ పొడవు జడ పిల్ల చీలమండ పట్టినది. మా పిల్ల నేలపై పడి, మట్టిలో ప్రాకి, చేయి చాచి నడిమి గీతను అందుకొన్నది. గట్టంతయు లేచినది. రెండు పాయింట్లు, గెలుపు! ఈల మ్రోగినది. మధ్యవర్తి చేయి ఎదుటి జట్టు వైపు చూపినది. కూత తెగినదట, మన పిల్ల ఔటు, పాయింటు వారికి. ఇరువదితొమ్మిది, ఇరువదియేడు. ఆట ముగిసినది.

ఏమని చెప్పుదుము! మా ప్రక్క పెద్దమ్మగారు చెప్పు చేత పట్టుకొనిరి. మావారు, కబడ్డీలో గీత లెన్నో యెఱుగనివారు, కాగితముల కట్ట నేలపై విసరి, “అన్యాయం!” అని అఱచిరి. మేమును సిగ్గు విడిచి “కుక్కుటేశ్వరా!” అని కేకవేసితిమి. వెనుక పిల్లలకు అర్థము తెలియకపోయినను వారును అందుకొనిరి. అంతట నాన్నగారు మా భుజము పట్టుకొని, “కూర్చోమ్మా. తెగింది” అనిరి.

“ఏం తెగింది?”

“కూత. పడినప్పుడు గుటక వేసింది. నేను విన్నాను. ఈల న్యాయంగానే వేశారు.”

చుట్టునున్నవారు ఆయన వంక, కన్నులు కానరాని ముసలివాడేమి చెప్పునని చూచిరి. కొంతసేపటికి మా మేనకోడలు మట్టి ముఖముతో గట్టుకడకు వచ్చినది. తాతగారు ఉన్న సంగతి అప్పుడే చూచినది కాబోలు, ఒక్క క్షణమాగినది. తరువాత వంగి ఆయన పాదములు తాకి, “తాతయ్యా, అందరూ ఈల తప్పంటున్నారు గానీ, నాకు తెలుసు, ఊపిరి పోయింది” అన్నది.

“ఎక్కడ పోయిందో చెప్పనా? చీలమండ పట్టగానే కాదు. నేలమీద పడ్డాక, రెండో ‘డ్డీ’ దగ్గర. గుటక మానెయ్. రేపటినుంచి పొద్దున్నే మా వసారాలోకి రా. ఊపిరి నేను వింటాను.”

తిరుగు ప్రయాణములో గొట్టముకాజాలు కొంటిమి. పిల్ల కిటికీకి తల ఆన్చి నిదురపోయినది. మావారు మట్టి దులుపుచు కాగితములు వరుస పెట్టుకొనుచుండిరి. సర్పవరము దాటిన పిదప నాన్నగారు మెల్లగా,

“ఆ యేడు... 2000లో... నువ్వు రానన్న మొదటి ఆట ఎవరు గెలిచారో నీకు చెప్పనేలేదు కదూ?” అనిరి.

రానన్నది మేము కాదు. ఆ మాట ఆయనకును తెలియును. మేము దానిని దిద్దలేదు.

“తెలుసు నాన్నగారూ. మనవాళ్ళు ఓడిపోయారు.”

“ఎవరు చెప్పారు?”

“మీ చెప్పులు. ఓడితే చెరోవైపు. గెలిస్తే జంటగా.”

ఆయన చిత్రాడ వఱకు మాటలాడలేదు. తరువాత, “అన్నేళ్ళూ చూసేదానివా?” అనిరి.

“అన్నేళ్ళూను.”

ఇంటికి చేరుసరికి దీపములు పెట్టినారు. వదిన లోపల నుండియే, “వచ్చారా?” అని కేకవేసినది. నాన్నగారు గోడ పట్టుకొని మెట్లెక్కి, గుమ్మము ప్రక్క చెప్పులు విడిచిరి. ఒకటి కొంచెము ప్రక్కకు జరిగినది. ఆయన వంగి, చేతితో తడవి దానిని పట్టుకొని, రెండవదాని ప్రక్క సరిగా చేర్చి, మడమలు సమముగా నున్నవో లేవో మఱియొకసారి తడవి చూచుకొని, లోపలికి పోయిరి.

వదిన చేతులు తుడుచుకొనుచు గుమ్మములోనికి వచ్చి, మొదట చెప్పులవంక చూచి, “గెలిచారన్నమాట!” అన్నది.

“లేదమ్మా. రెండు పాయింట్లతో ఓడిపోయాం” అని కాజా నోట నుంచుకొని మేనకోడలు చెప్పినది.

వదిన మఱల చెప్పులవంక చూచినది, మావంక చూచినది. మేము గొడుగు మూలను పెట్టి, కాళ్ళు కడుగుకొనుటకు పెరటిలోనికి పోతిమి.